ఎముకలో ఏముంది? గట్టిదనం వేరు, సాంద్రత వేరు

మోకాళ్ల నొప్పని డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు "ఎముకలు అరిగిపోయాయట" అంటారు. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ రిపోర్టు చేతికొచ్చినవాళ్లూ అదే మాట అంటారు. చిన్నపిల్లాడి కాళ్లు విల్లులా వంగితే "ఎముకల్లో బలం లేదట" అంటారు. వినడానికి ఒకే జబ్బులా ఉంటుంది గానీ ఈ మూడింటికీ ఒకదానితో ఒకటికి పెద్దగా సంబంధం లేదు.

మొదటి సందర్భంలో సాధారణంగా అరిగేది ఎముక కాదు, కీలు దగ్గర ఎముక చివర్లకు నున్నటి తొడుగులా ఉండే మృదులాస్థి. వాడుకలో 'గుజ్జు' అనేది దాన్నే. రెండో సందర్భంలో ఎముక లోపలి పదార్థం తగ్గుతుంది. పైకి ఆకారం మారదు, విరిగేదాకా నొప్పీ తెలియదు. గుల్లబారడం, ఆస్టియోపొరోసిస్ అనేవి దీని పేర్లు. మూడో దాంట్లో ఎముక తయారైంది గానీ దానికి చేరాల్సిన ఖనిజం చేరలేదు, అందుకే మెత్తగా ఉండి బరువుకు వంగింది. అది రికెట్స్.

ఇవన్నీ కలిసిపోవడానికి కారణం, మన ఊహలో ఎముకంటే ఎండిన కర్ర కావడం. కర్రకు అరగడం, విరగడం తప్ప వేరే కష్టాలుండవు. ల్యాబులో వేలాడే అస్థిపంజరం ఆ ఊహను ఇంకా బలపరుస్తుంది. ఒంట్లో ఉన్న ఎముక తడిగా ఉంటుంది. నెత్తురు పారుతుంది, నరాలుంటాయి, కణాలు పనిచేస్తుంటాయి.

వెనిగర్‌లో నానిస్తే ఒకలా, కాలిస్తే ఇంకోలా

స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్లలో కనిపించే ఓ పాత ప్రయోగం ఎముక గుట్టు సగం విప్పేస్తుంది. సన్నటి కోడి కాలి ఎముకను శుభ్రం చేసి వెనిగర్ సీసాలో వేసి కొన్ని రోజులు వదిలేస్తారు. బయటికి తీస్తే అదే పొడవు, అదే ఆకారం. కానీ రెండు చివర్లూ పట్టుకుని వంచితే రబ్బరులా వంగుతుంది. ఖనిజాన్ని ఆమ్లం కరిగించేసింది, కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు మిగిలాయి. ఇంకో ఎముకను బాగా కాలిస్తే కథ తిరగబడుతుంది. పోగులు కాలిపోయి ఖనిజం మిగులుతుంది. తెల్లగా, చెక్కు చెదరనట్టే కనిపిస్తుంది గానీ వేలితో నొక్కితే సుద్దముక్కలా పొడైపోతుంది.

బరువు లెక్కలో చూస్తే ఎముకలో ఇంచుమించు 60 నుంచి 65 శాతం ఖనిజం. క్యాల్షియం, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడ్డ హైడ్రాక్సీఅపటైట్ అనే అతి సన్నటి స్ఫటికాలవి. మరో 20 నుంచి 25 శాతం ఎక్కువగా కొలాజెన్. మిగిలిన దాంట్లో నీళ్లదే పెద్ద వాటా. ఖనిజం వల్ల ఎముక వంగకుండా నిలబడుతుంది. కొలాజెన్ వల్ల దెబ్బ తగిలినప్పుడు గాజులా పగిలిపోకుండా తట్టుకుంటుంది. గట్టిదనం, తట్టుకునే గుణం రెండూ ఒకటి కాదు. గాజు గట్టిదే, తట్టుకోలేదు. రబ్బరు తట్టుకుంటుంది, గట్టిది కాదు.

దీన్ని ఇనుప చువ్వలు, కాంక్రీటుతో పోల్చడం మామూలే. ఆ పోలిక సగమే కుదురుతుంది. స్లాబులో చువ్వ ఎక్కడుందో, కాంక్రీటు ఎక్కడుందో కంటికి తెలుస్తుంది. ఎముకలో స్ఫటికాలు పోగుల చుట్టూ చేరడమే కాకుండా పోగు లోపలి సందుల్లోకి కూడా చొరబడి ఉంటాయి.

ఈ జోడీలో ఏది లోపించినా ఎముక దెబ్బతింటుంది, కానీ దెబ్బతినే తీరు మారుతుంది. ఖనిజం చాలకపోతే వంగుతుంది. పిల్లల్లో దాన్ని రికెట్స్ అనీ, పెద్దల్లో ఆస్టియోమలేసియా అనీ అంటారు. పుట్టుకతోనే కొలాజెన్ తయారీలో లోపముంటే చిన్న తాకిడికే విరుగుతుంది; ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అనే అరుదైన జబ్బు ఇదే. నన్ను ఎక్కువగా ఆకర్షించేది మూడోది, ఆస్టియోపెట్రోసిస్. పాత ఎముకను తొలగించే కణాలు ఇందులో సరిగ్గా పనిచేయవు. ఎముక పేరుకుపోయి, ఎక్స్‌రేలో సుద్దలా తెల్లగా, మామూలు కన్నా సాంద్రంగా కనిపిస్తుంది. అయినా తేలిగ్గా విరుగుతుంది. సాంద్రత ఎక్కువైనంత మాత్రాన బలం ఎక్కువని చెప్పలేం అనడానికి ఇంతకన్నా సూటి రుజువు అక్కర్లేదు.

పిల్లల ఎముకల్లో పెద్దలతో పోలిస్తే ఖనిజం పాలు కాస్త తక్కువ. అందుకే పిల్లాడు చేయి మీద పడితే ఎముక ఒక్కోసారి పూర్తిగా విరగదు. ఒక వైపు చీలి, రెండో వైపు వంగి ఊరుకుంటుంది, పచ్చి కొమ్మను విరవబోయినట్టు. డాక్టర్లు గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్ అనేది దాన్నే.

బోలుగా ఉండటం లోపం కాదు: ఒక గొట్టం లెక్క

తొడ ఎముక లాంటి పొడవాటి ఎముకను అడ్డంగా కోస్తే బయటి నుంచి లోపలికి వరసగా పొరలు కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన పెరియాస్టియం అనే పల్చటి పొర. రక్తనాళాలు, నొప్పిని మోసే నరాలు ఇందులో దట్టంగా ఉంటాయి. మోకాలి కింద ముందువైపు ఎముకకు మంచం కోడు తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది కదా, అక్కడ చర్మానికీ ఈ పొరకూ మధ్య మెత్తగా అడ్డుండేది దాదాపు ఏమీ లేదు.

దాని కింద గట్టి ఎముక. నున్నగా, రాయిలా కనిపించే ఈ భాగాన్ని మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు మొదలు కోసినప్పటి వలయాల్లాంటివి గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఒక్కో గుంపు ఒక్కో ఆస్టియాన్. అడ్డకొలత మిల్లీమీటరులో ఐదో వంతు దాకా ఉంటుంది. నడిమధ్య సన్నటి కాలువ, అందులో రక్తనాళం. 1691లో ఈ కాలువల గురించి రాసిన ఇంగ్లండ్ వైద్యుడు క్లాప్టన్ హేవర్స్ పేరే వాటికి స్థిరపడింది. కాలువ చుట్టూ ఉన్న వలయాల్లో కొలాజెన్ పోగుల దిశ ఒక పొరకూ ఇంకో పొరకూ మారుతుంది, ప్లైవుడ్‌లో చెక్క పొరల్లా. ఎముకలో సన్నటి పగులు మొదలైనా ఆస్టియాన్ అంచు దాకా వచ్చి చాలాసార్లు అక్కడే ఆగుతుంది, లేదా పక్కకు మళ్లుతుంది. నేరుగా చీల్చుకుంటూ పోలేదు.

ఇంకా లోపలికి వెళ్తే బోలు, అందులో మూలుగ. పుట్టినప్పుడు దాదాపు అన్ని ఎముకల్లోనూ ఎర్ర మూలుగే ఉంటుంది. పెద్దయ్యేసరికి పొడవాటి ఎముకల నడుము భాగంలో అది కొవ్వుతో నిండిన పసుపు మూలుగగా మారుతుంది. రక్తకణాల తయారీ ప్రధానంగా కటి, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకల లాంటి చోట్లకు పరిమితమవుతుంది. అక్కడ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలు పుడతాయి.

అసలు ఎముక బోలుగా ఎందుకు? పూర్తిగా నింపేస్తే ఇంకా గట్టిగా ఉండదా? చిన్న లెక్క వేసి చూద్దాం. 2 సెంటీమీటర్ల వ్యాసమున్న నిండు కడ్డీ ఒకటి తీసుకోండి. అదే పదార్థాన్ని, గ్రాము కూడా పెంచకుండా, అంతే పొడవులో 3 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంగా మలిచామనుకోండి. లోపలి బోలు 2.24 సెంటీమీటర్లు వస్తుంది. గోడ మందం 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. వంగకుండా నిలబడే శక్తి వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. కడ్డీకి 2 నాలుగో ఘాతం, అంటే 16. గొట్టానికి 3 నాలుగో ఘాతం 81లోంచి బోలు తాలూకు 2.24 నాలుగో ఘాతం, ఇంచుమించు 25 తీసేస్తే 56. 56ను 16తో భాగిస్తే 3.5. అదే బరువు, కానీ వంపును మూడున్నర రెట్లు ఎక్కువగా అడ్డుకుంటుంది. విరగడానికి కావలసిన బలం చూసినా రెండు రెట్లకు పైనే. తొడ ఎముక గోడ ఈ ఉదాహరణలో కన్నా మందంగానే ఉంటుంది, సూత్రం మాత్రం ఇదే.

వయసు మీదపడ్డాక ఈ లెక్కే ఇంకో రూపంలో పనికొస్తుంది. పొడవాటి ఎముక గోడ లోపలి వైపు నుంచి కొద్దికొద్దిగా తరుగుతుంటే, బయటి వైపు కొత్త పొర చాలా నెమ్మదిగా చేరుతుంటుంది. గోడ పల్చబడుతుంది గానీ వ్యాసం కాస్త పెరుగుతుంది. పోయిన బలం పూర్తిగా కాకపోయినా కొంత వెనక్కి వస్తుంది.

లోపలి జాలీ, ఓ క్రేన్ బొమ్మ, ఇంకా తెగని వాదం

ఎముక చివర్లలో, వెన్నుపూసల లోపల కథ వేరు. అక్కడ గట్టి పెంకు పల్చగా ఉండి, లోపలంతా స్పాంజిలాంటి జాలీ ఉంటుంది. మొత్తం అస్థిపంజరం బరువులో దీని వాటా 20 శాతం దాకానే. అయినా గుల్లబారడం మొదట బయటపడేది ఎక్కువగా ఇక్కడే, ఎందుకంటే జాలీకి ఉపరితలం ఎక్కువ, కణాలు పనిచేసేది ఉపరితలం మీదే.

ఈ జాలీ అడ్డదిడ్డంగా అల్లింది కాదు. తొడ ఎముక పైభాగాన్ని నిలువుగా కోస్తే సన్నటి పుల్లలు కమానుల్లా వంపు తిరిగి, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవడం కంటికే కనిపిస్తుంది. 1860లలో జూరిచ్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఈ గీతలను బొమ్మలుగా గీసి పెట్టాడు. అవి కార్ల్ కుల్మన్ అనే ఇంజినీరు కంటపడ్డాయి. వంకీ తిరిగిన క్రేన్ బరువెత్తినప్పుడు అందులో ఒత్తిడి ఏ దారుల్లో పోతుందో చూపే గీతలకూ, ఎముకలోని పుల్లలకూ పోలిక ఉందని ఆయన గమనించాడు. ఆ పోలికను పట్టుకుని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లో ఒక నియమమే ప్రకటించాడు: ఎముక మీద పడే బరువు మారితే దాని లోపలి అల్లిక, బయటి ఆకారం గణిత సూత్రాల ప్రకారం మారతాయి.

ఈ వోల్ఫ్ నియమం పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. కానీ దాన్ని నియమం అనొచ్చా అన్నదానిమీద పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. విమర్శించేవాళ్ల మాట ఇది: క్రేన్ లెక్క ఏకరూపంగా ఉన్న నిండు వస్తువుకు సరిపోతుంది, రంధ్రాలున్న జాలీకి యథాతథంగా వర్తించదు. పైగా వోల్ఫ్ ఊహించినట్టు పుల్లలు అన్నిచోట్లా లంబకోణంలోనే కలుసుకోవు. సమర్థించేవాళ్లు గణితాన్ని పక్కన పెట్టి అసలు విషయం చూడమంటారు. చిన్నప్పటి నుంచీ టెన్నిస్ ఆడినవాళ్లలో రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి కన్నా మందంగా ఉంటుంది. అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి బరువు తెలియకుండా ఉండే వ్యోమగాములకు తుంటి, వెన్ను ప్రాంతాల్లో నెలకు ఇంచుమించు 1 నుంచి 1.5 శాతం చొప్పున ఎముక తగ్గుతుంది. వాడకాన్ని బట్టి ఎముక మారుతుందన్న సంగతిని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఎంత కచ్చితంగా, ఏ సూత్రం ప్రకారం అన్నదే తేలలేదు. అందుకే చాలామంది ఇప్పుడు 'నియమం' అనకుండా అనుకూలనం అంటున్నారు.

జాలీ బలం పుల్లల మందంతో పాటు వాటి మధ్య కట్లమీదా ఆధారపడుతుంది. సన్నటి నిలువు పుల్ల ఒకటి ఊహించుకోండి. దాని నడిమికి అడ్డపుల్ల కట్టి ఉంది. పైనుంచి బరువు పడితే పుల్ల పక్కకు వంగబోతుంది, అడ్డపుల్ల ఆపుతుంది. ఆ అడ్డపుల్ల తీసేస్తే ఆధారం లేని పొడవు రెట్టింపవుతుంది. ఇలాంటి సన్నటి పుల్ల మోయగల బరువు పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి బలం నాలుగో వంతుకు పడిపోతుంది. పోయిన పదార్థం కాస్తే. గుల్లబారే వెన్నుపూసల్లో ముందుగా మాయమయ్యేవి ఈ అడ్డపుల్లలే. తూకంలో తగ్గింది కొంచెం, బలంలో తగ్గింది చాలా.

తవ్వేవాళ్లు, పూడ్చేవాళ్లు

ఎముకలో పాత భాగాన్ని తొలగించే కణాలు ఆస్టియోక్లాస్టులు. రక్తకణాల వంశంలోనే పుట్టి, చాలా కణాలు కలిసిపోయి ఏర్పడ్డ పెద్ద కణాలివి. ఎముకకు అంటుకుని కింద ఆమ్లాన్ని, ఎంజైములను వదిలి గుంత చేస్తాయి. వెనిగర్ సీసాలో జరిగిందే ఇక్కడ అతి చిన్న జాగాలో జరుగుతుందన్నమాట, పోగులను కూడా కరిగించడం అదనం. వాటి వెనకే ఆస్టియోబ్లాస్టులు వచ్చి కొత్త కొలాజెన్ పరిచి, దాని మీద ఖనిజం చేరేలా చేస్తాయి. ఒక గుంత తవ్వడానికి రెండు మూడు వారాలు పడితే, పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఇలా ఏటా మొత్తం ఎముకలో ఇంచుమించు పదో వంతు కొత్తదవుతుంది.

పూడుస్తూ పూడుస్తూ కొన్ని కణాలు తాము కట్టిన గోడలోనే చిక్కుకుపోతాయి. అవే ఆస్టియోసైట్లు. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. చాలాకాలం వీటిని పని అయిపోయి మూలన కూర్చున్న కణాల్లా చూశారు. నిజానికి సన్నటి కొమ్మలు చాచి ఒకదానితో ఒకటి అంటుకుని ఉండే ఈ వల, ఎక్కడ ఒత్తిడి పెరిగిందో, ఎక్కడ సన్నటి పగులు వచ్చిందో పసిగట్టి మిగతా రెండు రకాల కణాలకు కబురు పంపుతుంది.

తవ్వడం, పూడ్చడం సరిసమానంగా సాగినంత కాలం ఎముక నిలకడగా ఉంటుంది. ఎముక సంపద ఎక్కువమందిలో 30 ఏళ్ల లోపే గరిష్ఠానికి చేరుతుంది. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గడంతో తవ్వే వేగం పెరుగుతుంది, పూడ్చేవాళ్లు అందుకోలేరు. ఎముక మందుల్లో ఎక్కువగా వాడే బిస్‌ఫాస్ఫొనేట్లు తవ్వే కణాలను అణిచి ఉంచుతాయి. గుల్లబారినవాళ్లలో ఇవి ఎముకలు విరగడాన్ని తగ్గిస్తాయని ట్రయల్స్ చూపించాయి. అయితే తవ్వకం ఆగితే మరమ్మతూ మందగిస్తుంది. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో చాలా అరుదుగా తొడ ఎముక నడుము దగ్గర అసాధారణమైన విరుపులు కనిపించడానికి ఇదే కారణమని అనుమానం.

ఇక క్యాల్షియం. ఒంట్లో ఉండే ఇంచుమించు కిలో క్యాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క శాతం లేకపోతే గుండె, కండరాలు, నరాలు సరిగ్గా నడవవు. అందుకే రక్తంలో క్యాల్షియాన్ని డెసిలీటరుకు ఇంచుమించు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంచడానికి శరీరం ఎంతకైనా తెగిస్తుంది. కాస్త తగ్గితే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదులుతాయి, ఎముకలోంచి క్యాల్షియం రక్తంలోకి వస్తుంది. "రక్తపరీక్షలో క్యాల్షియం నార్మల్, కాబట్టి ఎముకలకు ఢోకా లేదు" అనుకోవడంలో పొరపాటు ఇక్కడే ఉంది. ఎముకలోంచి తీసి ఇస్తున్నందువల్లే ఆ నార్మల్ వచ్చి ఉండొచ్చు.

విటమిన్ డి మాత్రల సంగతీ ఇలాగే చిక్కుముడి. 2022లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ ట్రయల్‌లో 25,871 మంది పాల్గొన్నారు. మామూలు ఆరోగ్యంతో ఉన్న నడివయసు, పెద్ద వయసువాళ్లలో విటమిన్ డి మాత్రలు ఎముకలు విరగడాన్ని తగ్గించలేదని తేలింది. దీన్నిబట్టి అందరికీ మాత్రలు ఎందుకని కొందరు అడుగుతున్నారు. పాల్గొన్నవాళ్లను లోపం ఉందని చూసి ఎంచలేదు కాబట్టి, నిజంగా లోపం ఉన్నవాళ్లకు ఈ ఫలితం వర్తించదని ఇంకొందరంటున్నారు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు.

206 లెక్కలో ఎన్ని ఒప్పందాలున్నాయో

పెద్దవాళ్లలో 206 ఎముకలని అందరికీ నోటికొచ్చు. పుర్రెలో 22, రెండు చెవుల్లో కలిపి 6, నాలుక మొదట్లో ఏ ఎముకతోనూ కీలు లేకుండా వేలాడే హయాయిడ్ ఒకటి, వెన్నులో 26, పక్కటెముకలు 24, రొమ్ము ఎముక ఒకటి: మొత్తం 80. భుజాలు, చేతుల్లో 64, కటి, కాళ్లలో 62. అన్నీ కలిపితే 206. రెండు చేతుల్లో మణికట్టు నుంచి వేళ్ల దాకా 54, రెండు పాదాల్లో 52 పోతే మిగతా శరీరానికి సరిగ్గా 100 మిగులుతాయి.

వెన్నులో 26 అన్నప్పుడు అతుక్కుపోయిన ఐదు పూసలను ఒకే త్రికంగా లెక్కపెట్టాం. కొందరికి ఓ పక్కటెముక ఎక్కువుంటుంది, కొందరికి మోకాలి వెనక చిన్న గుండు ఎముక అదనంగా ఉంటుంది. పుట్టినప్పుడు 270 నుంచి 300 దాకా ఉంటాయని చెప్పేది కూడా, మృదులాస్థిలో ఇంకా గట్టిపడని ముక్కలను ఎలా లెక్కిస్తామన్నదాన్ని బట్టి మారుతుంది.

రెండేళ్ల పిల్ల చేతి ఎక్స్‌రే చూస్తే ఇది బాగా తెలుస్తుంది. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు గులకరాళ్లలా కిక్కిరిసి ఉంటాయి. ఈ ఫిల్ములో ఆ చోట రెండో మూడో తెల్లటి చుక్కలు, చుట్టూ నల్లటి ఖాళీ. ముంజేతి ఎముక చివర ఒక సన్నటి నల్ల గీత, దాని అవతల విడిగా ఓ తెల్లముక్క. అది చూసి విరిగిందేమోనని తల్లిదండ్రులకు టెన్షన్ వస్తుంది. ఖాళీ అనిపించే చోట మృదులాస్థి ఉంది. అందులో ఖనిజం లేదు కాబట్టి ఎక్స్‌రేలో కనబడదు. ఆ నల్ల గీత పెరుగుదల పొర, ఎముక పొడవు పెరిగేది అక్కడే. యుక్తవయసు చివర్లో అది గట్టిపడి మూసుకుపోతుంది, ఎత్తు పెరగడం ఆగిపోతుంది. ఆడపిల్లల్లో మగపిల్లల కన్నా ముందే మూసుకుంటుంది. అన్నిటికన్నా ఆలస్యంగా, ఇరవైల నడుమ దాకా తెరిచి ఉండేది రొమ్ము ఎముకను ఆనుకుని ఉన్న కంటె ఎముక చివర.

విరిగి అతికిన చోట ఇంకా గట్టిపడుతుందా?

ఈ నమ్మకంలో కొంత నిజముంది, అది తాత్కాలికం. విరిగిన చోట ముందు నెత్తురు గడ్డకడుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో మృదులాస్థిలాంటి మెత్తటి కట్టు ఏర్పడుతుంది. ఈ దశలో ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనిపించదు, అతకడం లేదేమోనని కంగారు పడేది అప్పుడే. ఆ తర్వాత కట్టులోకి ఖనిజం చేరి గట్టి బొడిపెలా తయారవుతుంది. వ్యాసం పెరిగితే బలం పెరుగుతుందన్న గొట్టం లెక్క ఇక్కడా పనిచేస్తుంది, కాబట్టి కొంతకాలం ఆ చోటు పక్క భాగంతో సమానంగానో, కాస్త ఎక్కువగానో గట్టిగా ఉండొచ్చు. కానీ తవ్వే కణాలు ఆ బొడిపెను నెలల నుంచి ఏళ్ల పాటు చెక్కుతూనే ఉంటాయి. చివరికి ఎముక ఇంచుమించు పాత ఆకారానికి, పాత బలానికి వస్తుంది. ఇంకో సంగతి, శరీరంలో చాలా గాయాలు మచ్చతో మానతాయి. ఎముక మాత్రం మళ్లీ ఎముకగానే మానుతుంది.

టీ-స్కోరు చెప్పేదెంత, చెప్పనిదెంత

ఇక డెక్సా రిపోర్టు. ఇందులో ఉండే టీ-స్కోరు శాతం కాదు, మార్కులూ కాదు. ఆరోగ్యంగా ఉన్న యువ వయసువాళ్ల సగటు కన్నా మీ కొలత ఎన్ని 'మామూలు తేడాల' (స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటుకు అటూ ఇటూ సాధారణంగా ఉండే తేడా) దూరంలో ఉందో చెప్పే అంకె. లెక్క తేలిక కోసం యువకుల సగటు 1.00, మామూలు తేడా 0.12 అనుకుందాం. ఒకరి కొలత 0.73. తేడా 0.27, దాన్ని 0.12తో భాగిస్తే 2.25. సగటు కన్నా తక్కువ కాబట్టి స్కోరు మైనస్ 2.25. ఇంకొకరి కొలత 0.69 అయితే స్కోరు మైనస్ 2.58. ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం 1994లో పెట్టిన గీతల ప్రకారం మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ పోతే ఆస్టియోపొరోసిస్. అంటే మొదటివారికి 'పీనియా', రెండోవారికి 'పొరోసిస్'. ఇద్దరి ఎముకల మధ్య తేడా 0.04.

పైగా డెక్సా కొలిచేది మనం అనుకునే సాంద్రత కాదు. అది ఫొటోలా చదునుగా చూస్తుంది, కాబట్టి ఘన సెంటీమీటరుకు కాకుండా చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములో చెబుతుంది. ఒకే పదార్థంతో చేసిన రెండు ఘనాలు తీసుకోండి. ఘన సెంటీమీటరుకు బరువు 1 గ్రాము. 2 సెంటీమీటర్ల ఘనం బరువు 8 గ్రాములు, పైనుంచి చూస్తే వైశాల్యం 4. డెక్సా చూపే అంకె 2. 3 సెంటీమీటర్ల ఘనం బరువు 27, వైశాల్యం 9. డెక్సా చూపే అంకె 3. పదార్థం ఒకటే, పెద్దదానికి ఎక్కువ అంకె వచ్చింది. సన్నటి ఎముకలున్న చిన్నపాటి మనిషికి స్కోరు కాస్త తక్కువ కనబడటానికి ఇదీ ఒక కారణం.

అంకె పెరిగితే చాలదని 1990లో వచ్చిన ఒక ట్రయల్ చేదుగా నేర్పింది. గుల్లబారిన ఎముకలున్న మహిళలకు సోడియం ఫ్లోరైడ్ ఇస్తే నాలుగేళ్లలో నడుము పూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. ఎముక పెరిగింది గానీ అల్లిక, నాణ్యత సరిగ్గా లేవు.

అలాగని స్కోరును కొట్టిపారేయడానికీ లేదు. జనం మొత్తం మీద చూస్తే ఒక మామూలు తేడా తగ్గిన కొద్దీ విరిగే ముప్పు ఇంచుమించు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు పెరుగుతుందని అధ్యయనాలు పదేపదే చూపించాయి. వాదం నడుస్తున్నది ఆస్టియోపీనియా అనే పేరు మీద. అది జబ్బు కాదు, యువకులతో పోల్చడం వల్ల వయసు పైబడ్డవాళ్లలో చాలామందికి తగిలే ముద్ర, అనవసరమైన భయం, మందులు అని ఒక పక్షం. మరో పక్షం ఇంకో అంకె చూపిస్తుంది: ఎముక విరిగినవాళ్లలో సగానికి పైగా మైనస్ 2.5 గీతకు పైనే ఉంటారు. అక్కడున్నవాళ్ల సంఖ్యే ఎక్కువ కాబట్టి. వాళ్లందరినీ పట్టించుకోకుండా వదిలేస్తే ఎలా అని వాళ్ల ప్రశ్న.

2008లో వచ్చిన ఫ్రాక్స్ అనే లెక్క ఈ ఇరుకులోంచి పుట్టిందే. వయసు, బరువు, ఇంతకుముందు ఎముక విరిగిందా, తల్లికో తండ్రికో తుంటి విరిగిందా, పొగ తాగుతారా, స్టెరాయిడ్లు వాడుతున్నారా లాంటివి కలిపి రాబోయే పదేళ్లలో ముప్పు ఎంతో అంచనా వేస్తుంది. స్కాన్ అంకె ఉంటే కలుపుకుంటుంది, లేకపోయినా నడుస్తుంది. ఒకే టీ-స్కోరు ఉన్న 50 ఏళ్ల మనిషికీ 80 ఏళ్ల మనిషికీ ఇందులో జవాబు చాలా తేడాగా వస్తుంది. అయితే మనిషి ఎన్నిసార్లు తూలి పడుతున్నాడన్నది ఈ లెక్కలో మొదట్లో లేదు, దాన్ని విమర్శించేవాళ్లు ముందుగా ఎత్తిచూపేది అదే. తుంటి ఎముక విరిగిన వృద్ధుల్లో చాలామందికి అది జరిగింది నిలబడ్డ ఎత్తు నుంచి పక్కకు పడ్డప్పుడు.